తొమ్మిదో సెక్షన్

ఆసుపత్రి లాండ్రీలో దుప్పటి మడవాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఇరవై రెండేళ్లుగా ఆమె ఒక కొస పట్టుకుంటూనే ఉంది. అవతలి కొస పట్టుకునే ఆవిడ గుసగుసలాడినా గేటు దాకా వినిపిస్తుంది కాబట్టి అందరూ ఆవిణ్ణి మైకు అంటారు. అందుకే ఇవతలి కొస పట్టుకునే ఆమె తమ్ముడు జైల్లో ఉన్న సంగతి తెలియనివాళ్లు ఆ లాండ్రీలో లేరు. ఆమెను మాత్రం అందరూ అక్క అనే పిలుస్తారు. ఆమెకంటే పెద్దవాళ్లు కూడా.

తల్లి పోయేనాటికి తమ్ముడికి ఆరేళ్లు, అక్కకి పదహారు. తండ్రి అంతకుముందే లేడు. వాడికి జడుపు జ్వరం వచ్చినా, బళ్లో దెబ్బలాడి వచ్చినా, చెప్పులు పారేసుకొచ్చినా ఆమె దగ్గరికే వచ్చేవాడు. పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే, "వీడు ఓ దారిన పడనీ," అనేది.

వాడు పడ్డ దారి వేరు. పందొమ్మిదేళ్ల వయసులో, ఒక మధ్యాహ్నం, స్నేహితుణ్ణి బండి వెనక ఎక్కించుకుని గడియారాల కొట్టు ముందు ఆపాడు. ఇంజను ఆపలేదు. లోపలికి వెళ్లినవాడు చేతికందింది లాక్కుని వస్తాడని తమ్ముడికి తెలుసు. వాడి జేబులో కత్తి ఉందని తెలియదు. కొట్టు యజమాని అడ్డొచ్చాడు. రెండు నిమిషాల్లో అంతా అయిపోయింది.

తమ్ముడికి కత్తి సంగతి తెలియదన్న మాట కోర్టు నమ్మింది. తీర్పులో అలాగే రాసింది కూడా. కానీ నమ్మినా చేయగలిగింది లేదు. అక్కడి చట్టంలో, దొంగతనానికి కలిసి వెళ్లినవాళ్లలో ఒకడు ప్రాణం తీస్తే అందరూ తీసినట్టే లెక్క. పొడిచినవాడికి యావజ్జీవం, బండి మీద కూర్చున్నవాడికీ యావజ్జీవం. తీర్పు చదువుతూ చదువుతూ జడ్జి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ కాసేపట్లో అక్కకి ఎక్కడలేని ఆశ పుట్టింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని మిగతాది చదివేశాడు.

మావాడు బంగారం అని ఆమె ఎన్నడూ ఎవరితోనూ అనలేదు. "వెధవ పనే చేశాడు," అనేది. "చేసినదానికి వెయ్యండి శిక్ష. చెయ్యనిదానికి కూడానా?"

పద్నాలుగేళ్లు ఆ ప్రశ్న లాండ్రీ ఆవిరిలోనే కలిసిపోయింది. పదిహేనో ఏడు ఒక లాయరమ్మ ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. ప్రెస్సు యంత్రం పక్కన నిలబడలేక చెమటలు కక్కుతూ, అసలు సంగతి చెప్పింది. శాసనసభలో ఒక సభ్యురాలు కొత్త బిల్లు తయారుచేస్తోంది. చంపనివాడికీ, చంపాలనుకోనివాడికీ హంతకుడి శిక్ష వేయకూడదన్నది ఆ బిల్లు సారాంశం. ఇలాంటి కేసుల్లో ఇరుక్కున్న కుటుంబాలు ముందుకొచ్చి మాట్లాడాలి.

"నాకేం మాటలొచ్చమ్మా?" అంది అక్క.

"ఇందాక దుప్పటి మడుస్తూ మీరు ఆ పెద్దావిడతో అన్నదే అనండి," అంది లాయరమ్మ. "చేసినదానికి వెయ్యండి, చెయ్యనిదానికి కూడానా అని. మేం పది పేజీల్లో రాసిందీ అదే."

బిల్లులో పదకొండు సెక్షన్లున్నాయి. లాయరమ్మ ఒక్కోటీ విప్పి చెప్పింది. వాటిలో అక్క గుండెకి హత్తుకున్నది తొమ్మిదోది. ఇప్పటికే శిక్ష అనుభవిస్తున్నవాళ్లు కూడా తమ కేసును కొత్త చట్టం కింద మళ్లీ విచారించమని కోరవచ్చు. అంతే, మూడు లైన్లు. ఆమె ఆ కాగితం ములాఖత్‌కి తీసుకెళ్లి అద్దానికి ఆనించి పట్టుకుంది. తమ్ముడు అవతల నుంచి పెదవులు కదుపుతూ చదివాడు. మళ్లీ చదివాడు. తర్వాత అద్దం పక్కన తగిలించి ఉన్న ఫోను తీసి, "అక్కా, ఇంకాస్త పైకెత్తు, చివరి ముక్క కనబడట్లేదు," అన్నాడు.

తర్వాతి మూడేళ్లూ అక్కకి తీరికన్న మాటే లేదు. ఆదివారం జైలు, సెలవు దొరికిన పూటల్లా లాయరమ్మ ఆఫీసు. అలాంటి కుటుంబాలు నలభై దాకా పోగయ్యాయి. కొత్తగా వచ్చినవాళ్లు ఏడుస్తుంటే పక్కన కూర్చునేది. ఏ జైలుకి ఏ బస్సు వెళ్తుందో, ఏ కిటికీలో గుమాస్తా విసుక్కోకుండా చీటీ రాస్తాడో చెప్పేది. వాళ్లందరికీ కూడా ఆమె అక్కే అయింది. పత్రికల వాళ్లు ఫోటో కావాలంటే ఆమెనే నిలబెట్టేవారు.

కమిటీ ముందు మాట్లాడటానికి ఒక్కొక్కరికి మూడు నిమిషాలన్నారు. నెల రోజులపాటు దుప్పట్లు మడుస్తూ మైకు దగ్గర అప్పజెప్పుకుంది.

"మధ్యలో ఏడవకు," అంది మైకు. "ఏడిస్తే టైం వాళ్లకి కలిసొస్తుంది. బయటికొచ్చాక ఏడుద్దువుగాని. నేనూ వస్తాలే, ఇద్దరం కూర్చుని తీరిగ్గా ఏడుద్దాం."

కమిటీ గదిలో గుర్రపు నాడాలా వంగిన పెద్ద బల్ల, దాని చుట్టూ తొమ్మిదిమంది సభ్యులు. మాట్లాడేవాళ్ల ముందు చిన్న దీపం. పచ్చగా ఉంటే మాట్లాడాలి, ఎర్రగా మారితే ఆపాలి. అక్క ఏడవలేదు. వాడేం చేశాడో దాచకుండా చెప్పింది. కొట్టు యజమాని పేరు చెప్పి, ఆయన ప్రాణం తిరిగి రాదని తనకి తెలుసంది. దీపం ఎర్రబడకముందే ముగించింది. ఒక సభ్యుడు తలెత్తకుండా ఏదో రాసుకుంటున్నాడు. బొమ్మలు గీస్తున్నాడేమో, ఎవరికి తెలుసు.

తర్వాత పిలిచిన పేరు వినగానే అక్క వెనక్కి తిరిగి చూసింది. గడియారాల కొట్టు యజమాని భార్య.

కోర్టులో చూసినప్పుడు ఆవిడ జుట్టు నల్లగా ఉండేది. ఇప్పుడు ఒక్క నల్ల వెంట్రుక లేదు. కాగితం ఏమీ తెచ్చుకోలేదు. ఒళ్లో సంచీ పెట్టుకుని, దాని పిడులు రెండు చేతులతో పట్టుకుని మాట్లాడింది.

"పొడిచినవాడికీ బండి మీద ఉన్నవాడికీ తేడా ఉందని నాకూ తెలుసండీ. నేనేమీ రాయిని కాను. కొత్తగా వచ్చే కేసులకి మీ ఇష్టం, ఎలాగైనా రాసుకోండి. కానీ మా కేసు మళ్లీ తెరవకండి. తెరిస్తే ఆ ఫోటోలు మళ్లీ బయటికి తీస్తారు. ఆయన చొక్కా మళ్లీ సంచీలోంచి తీసి చూపించి, ఇది మీ ఆయనదేనా అంటారు. అప్పుడు ఔనన్నాను. మళ్లీ అనలేను. నాకు ఓపిక లేదు."

ఆవిడ మూడు నిమిషాలు వాడుకోలేదు. సగం టైం మిగిలిపోయింది.

బయట వరండాలో మంచినీళ్ల దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు. మైకు ఏదో అనబోయి అక్క మొహం చూసి పక్కకి తప్పుకుంది. ఆవిడ గ్లాసు నింపుకుని తాగకుండా పట్టుకుంది.

"మిమ్మల్ని చూస్తే కోపమొస్తుందనుకున్నానమ్మా," అంది. "రావట్లేదు. అదే నాకు మరీ కష్టంగా ఉంది."

"నాకూ అంతేనమ్మా," అంది అక్క.

ఆవిడ ఆ గ్లాసు అక్క చేతికిచ్చి వెళ్లిపోయింది.

రెండు నెలల తర్వాత ఒక గురువారం. పది గంటలవుతుండగా ఆ బిల్లు పెట్టిన సభ్యురాలు స్వయంగా అక్కకి ఫోన్ చేసింది. అక్క ఉతికిన గుడ్డలు పేర్చే గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసింది.

"అమ్మా, ఇవాళ మూడింటికి ఓటింగు," అంది సభ్యురాలు. ఆవిడ గొంతు బొంగురుపోయి ఉంది. "ఆరు ఓట్లు తక్కువున్నాయి. ఆ ఆరుగురూ ఇస్తామంటున్నారు. ఒక్కటే షరతు. తొమ్మిదో సెక్షన్ తీసెయ్యాలట. పాత కేసుల జోలికి వెళ్లకూడదట."

అక్క ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది.

"మిగతా కుటుంబాలన్నిటితో మాట్లాడాను. అందరూ ఒకటే మాట. అక్క ఏమంటే అదేనన్నారు. మీరు వద్దంటే బిల్లు వెనక్కి తీసుకుంటాను. మీ మొహం చూపించి నడిపిన బిల్లమ్మా ఇది. మీరు కాదంటుంటే దీన్ని పాస్ చేయించుకునే మొహం నాకు లేదు."

"వెనక్కి తీసుకుంటే?"

"మళ్లీ ఎప్పుడు వస్తుందో చెప్పలేను. వచ్చే ఎన్నికల్లో నేనుంటానో లేదో. తీసుకోకపోతే, ఇప్పుడు విచారణలో ఉన్నవాళ్లు నూటపద్నాలుగు మంది బతికిపోతారు. ఆ తర్వాత వచ్చేవాళ్లు కూడా."

"మావాణ్ణి అడగాలి మేడమ్. ఆదివారం ములాఖత్ ఉంది."

"ఆదివారం దాకా సభ ఆగదమ్మా. లాయరమ్మ చేత పొద్దున్నే జైలుకి ఫోన్ చేయించాను. వాళ్ల బ్యారక్‌కి ఫోన్ రోజు శనివారమేనట. బతిమాలినా లాభం లేకపోయింది. పన్నెండింటికల్లా నాకు చెప్పాలి మీరు."

రెండు గంటలు. అక్క బయటికొచ్చి మళ్లీ దుప్పటి కొస అందుకుంది. ఏమైందని మైకు అడగలేదు. ఆవిడ నోరు మూసుకున్న రోజు లాండ్రీ చరిత్రలో అదొక్కటే. నూటపద్నాలుగు మంది. ఒక్కొక్కరికీ ఒక అక్కో, అమ్మో, ఎవరో ఒకరుంటారు. వాళ్లకి ఏ బస్సెక్కాలో కూడా ఇంకా తెలిసి ఉండదు. వాళ్ల మొహాలు ఊహించుకుందామంటే ఒక్క మొహమూ రాలేదు. తమ్ముడి మొహమే వచ్చింది, అద్దం అవతల పెదవులు కదుపుతూ.

పన్నెండుకి పది నిమిషాలుండగా ఫోన్ చేసి, "కానివ్వండి మేడమ్," అంది. అవతల సభ్యురాలు ఏడుస్తున్నట్టుంది. అక్క వినకుండా పెట్టేసింది.

సాయంత్రానికి బిల్లు పాసైంది.

ఆదివారం తమ్ముడు ఎప్పటికంటే త్వరగా వచ్చి అద్దం అవతల కూర్చున్నాడు. తల తడిపి దువ్వుకున్నాడు. ముప్పై ఏడేళ్ల మనిషి, చెవుల పక్కన నెరిసింది. ఆమె కూర్చోకముందే ఫోన్ చెవికి ఆనించుకుని ఉన్నాడు.

"అక్కా! రేడియోలో చెప్పారు. మా బ్యారక్ అంతా పళ్లేలు వాయించాం. వార్డెను కూడా ఏమీ అనలేదు తెలుసా? దరఖాస్తు ఎప్పుడు పెట్టాలి? లాయరమ్మ ఏమంది?"

"చిన్నా," అంది అక్క.

"నువ్వెందుకలా ఉన్నావు? ఒంట్లో బాగోలేదా?"

"తొమ్మిది తీసేశారు చిన్నా."

అతని మొహం మీద నవ్వు ఇంకా అలాగే ఉంది. "ఏ తొమ్మిది?" అన్నాడు, అందులో ఇంకో తొమ్మిది ఏదో ఉన్నట్టు.

ఆమె మొత్తం చెప్పింది. ఆరు ఓట్లు, నూటపద్నాలుగు మంది, పన్నెండు గంటలు. చెబుతున్నంతసేపూ అతను ఆమె కళ్లలోకే చూశాడు. చివర్లో మెల్లిగా అడిగాడు.

"ఎవరు ఒప్పుకున్నారు?"

"నేనే."

ఫోన్లో అతని ఊపిరి వినిపిస్తోంది. పక్క సీట్లో ఎవరో ఆవిడ ఇంటి పైకప్పు గురించి మొగుడికి గట్టిగా చెబుతోంది.

"నన్నడిగావా?" అన్నాడు.

"కుదరలేదురా. ఫోన్ చేయించారు. శనివారం దాకా..."

"నేనూ సరే అనేవాణ్ణే అక్కా." అతను అద్దానికి దగ్గరగా జరిగాడు. "నూటపద్నాలుగు మందంటే కాదనేంత చెడ్డవాణ్ణి కాదు. నీకు తెలుసు కదా? కానీ ఆ మాట నా నోటితో అననివ్వాల్సింది. ఇక్కడ లెమ్మంటే లేవాలి, తినమంటే తినాలి. దీపం ఎప్పుడు ఆర్పాలో కూడా నా చేతిలో లేదు. ఒకళ్లకి ఇవ్వడానికి నాకంటూ ఉన్నది అదొక్కటే. అదీ నువ్వే ఇచ్చేశావు."

"చిన్నా..."

"వెళ్లక్కా."

ఇంకా పదిహేను నిమిషాల టైం ఉంది. అతను ఫోన్ తగిలించి, వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్లిపోయాడు. ఆమె చెవి దగ్గర ఫోన్ అలాగే పట్టుకుని టైం అయిపోయేదాకా కూర్చుంది.

తర్వాతి ఆదివారం చీటీ రాసిచ్చి కూర్చుంటే గుమాస్తా తిరిగొచ్చి, "రానన్నాడమ్మా," అన్నాడు. ఆ తర్వాతి ఆదివారమూ అంతే. మూడోసారి గుమాస్తాకే మొహమాటమేసి, "జ్వరమట," అన్నాడు. ఆయన అబద్ధమాడుతున్నాడని ఆమెకి తెలుసు. అయినా రాత్రంతా ఆ జ్వరం గురించే బెంగపెట్టుకుంది. ఏడు ఆదివారాలు అలా వెళ్లి, ములాఖత్ గంట అయ్యేదాకా బల్ల మీద కూర్చుని తిరిగొచ్చింది.

"మానెయ్యరాదూ కొన్నాళ్లు?" అంది మైకు. "కోపం దిగితే వాడే కబురు పెడతాడు."

"నేను రాలేదనుకుంటాడే."

ఆ మధ్యలోనే ఒక తల్లి లాండ్రీకి వచ్చింది. కొడుకు మీద హత్య కేసు కొత్త చట్టం కింద వీగిపోయిందట. దొంగతనం వరకే శిక్ష వేశారు, అది అప్పటికే అనుభవించేశాడు. లాయరమ్మే అడ్రసు ఇచ్చింది. ఆ తల్లి అక్క రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. ఆ చేతులు ఆవిరికి ఉబ్బి, సోడా నీళ్లకి తోలు లేచిపోయి ఉన్నాయి.

"నా బిడ్డ ఇంట్లో ఉన్నాడమ్మా. నిన్న నా పక్కనే కూర్చుని అన్నం తిన్నాడు. మీ తమ్ముడు కూడా వచ్చేశాడా?"

మైకు చేతిలో దుప్పటి కొస జారిపోయింది.

"వస్తాడమ్మా," అంది అక్క. "మీరు ఇంటికెళ్లండి. అబ్బాయి ఎదురుచూస్తుంటాడు."

ఆవిడ వెళ్లాక అక్క ఆ గుడ్డలు పేర్చే గదిలోకే వెళ్లింది. సంతోషించాలని శాయశక్తులా ప్రయత్నించింది. సంతోషం ఉంది కూడా, లేకపోలేదు. కానీ దాని కింద ఏదో పచ్చిపుండులా సలుపుతోంది. నిన్న నా పక్కనే కూర్చుని అన్నం తిన్నాడు. ఆ ఒక్క మాట ఆమె లోపల గిర్రున తిరిగింది. మైకు వచ్చి పక్కన కూలబడింది. కమిటీ రోజున ఏడవకుండా దాచుకున్నదంతా ఇద్దరూ అప్పుడు ఏడ్చారు.

ఎనిమిదో ఆదివారం తమ్ముడు వచ్చాడు. చిక్కిపోయాడు. తల దువ్వుకోలేదు. ఫోన్ తీసి, మెలిపడ్డ తీగ సరిచేసుకున్నాడు.

"అన్ని వారాలూ వచ్చావట కదా," అన్నాడు.

"రాక ఎక్కడికి పోతాను?"

"నేను అలా అనకుండా ఉండాల్సిందక్కా."

"అన్నది నిజమే కదరా. రెండు గంటలుంది నాకు. ఆ రెండు గంటలూ దుప్పట్లు మడుస్తూ కూర్చున్నాను. జైలు గేటు ముందుకెళ్లి అరిచి గోల చేసుంటే, ఎవరైనా నీకు కబురు చెప్పేవాళ్లేమో. నాకది తోచనేలేదు. నీ తరఫున నేనున్నాను కదా అనుకున్నాను. చిన్నప్పటి నుంచీ అదే అలవాటు."

అతను తలవంచుకుని ఏడ్చాడు. అద్దం మధ్యలో లేకపోతే ఆ తల మీద చెయ్యి వేసేది.

చట్టం కింద దారి మూసుకుపోయింది కాబట్టి, మిగిలింది క్షమాభిక్ష దరఖాస్తు ఒక్కటే అన్నాడు. అది తనే రాసుకుంటానన్నాడు. లాయరమ్మ కూడా రాయక్కర్లేదు. బండి ఇంజను ఆపకుండా కూర్చున్నది తనేనన్న మాటతో మొదలుపెడతానన్నాడు.

"ఇంకో మాట. ఆ గడియారాల ఆయన భార్య దగ్గరికి వెళ్లకు. ఆవిణ్ణి ఏమీ అడగొద్దు."

"వెళ్లను."

అధికారులే ఆవిణ్ణి అడిగారు. అది పద్ధతి. ఆవిడ ఒప్పుకోనూ లేదు, వద్దననూ లేదు. తనను ఏమీ అడగవద్దని మాత్రం రాసిచ్చిందట. ఆ సంగతి లాయరమ్మ చెబితే, అక్కకి ఆవిడ మీద ఎందుకో జాలి కలిగింది. ఎంతమంది ఎన్నిసార్లు అడుగుతారు ఒక మనిషిని?

దరఖాస్తుకి జవాబు రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ప్రభుత్వ ముద్ర ఉన్న కవరు ఇంటి అడ్రసుకే వచ్చింది. పైన తమ్ముడి పేరు, కింద ఆమె పేరు. అక్క దాన్ని బల్ల మీద పెట్టి, మూడు రోజులు దాని చుట్టూ తిరిగింది. చీపురు పట్టుకున్నా, స్టవ్ వెలిగించినా కన్ను దాని మీదే. తెరవలేదు.

ఆదివారం జైలు గేటు దగ్గర కాపలా మనిషి, "లోపలికి వెళ్లేదేదైనా మేం విప్పి చూడాలమ్మా," అన్నాడు.

"చూడండి బాబూ. చదివాక మీ మొహంలో మాత్రం ఏమీ కనబడనివ్వకండి. వాడికంటే ముందు నాకు తెలియకూడదు," అని గోడ వైపు తిరిగి నిలబడింది.

ఆయన కవరు విప్పి, చూసి, మళ్లీ మడిచి, లోపలి మనిషి చేత పంపించాడు. ఆమె సీట్లో కూర్చునే వేళకి అవతల తమ్ముడు అది చదువుతున్నాడు. ఒక్కటే పేజీ. చదివే తీరు ఆ రోజు లాగే ఉంది, పెదవులు కదుపుతూ. మొదటి రెండు లైన్లకే పెదవులు ఆగిపోయాయి. మిగతాది ఊరికే చూశాడు. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని ఫోన్ అందుకున్నాడు.

"లేదన్నారక్కా."

"కారణమేం చెప్పారురా?"

"ఏం చెప్పలేదు. అయిదేళ్ల తర్వాత మళ్లీ పెట్టుకోవచ్చట."

అయిదేళ్లకి అతనికి నలభై నాలుగు దాటుతాయి. ఆమెకి యాభై నాలుగు దాటుతాయి. మోకాళ్లు ఇప్పటికే మొరాయిస్తున్నాయి. జైలు బస్సు దిగాక అర మైలు నడవాలి. ఇదంతా ఆమె అతనికి చెప్పలేదు. అతనూ అదే ఆలోచిస్తున్నట్టున్నాడు. ఆమె కాళ్ల వైపు చూడబోయాడు కానీ, బల్ల అడ్డొచ్చి కనబడలేదు.

"నువ్వు విప్పలేదు కదూ?" అన్నాడు. "కవరు."

"లేదు."

అతను తలూపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. ఇద్దరిలో ఎవరు ముందు ఏడుస్తారా అని భయపడుతున్నట్టు ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరూ ఏడవలేదు.

"మైకు ఎలా ఉంది?" అన్నాడు.

"గొంతు పోయింది వారం నుంచి. డాక్టరు మాట్లాడొద్దన్నాడు. అన్నీ సైగలే. ఆ సైగలు కూడా గట్టిగానే ఉంటాయి."

అతను నవ్వాడు. నిజంగానే నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో ఉండగానే టైం అయిపోయి ఫోను తెగిపోయింది. అద్దం అవతల అతని పెదవులు ఇంకా ఏదో అంటున్నాయి. ఆమెకి వినపడలేదు. వాటిని చదవడానికి ఆమె ముందుకి వంగేసరికి వార్డెను అతని భుజం తట్టాడు. అతను లేచాడు.

వెనక వరసలో నిలబడ్డ అమ్మాయి, ఇంకా ములాఖత్ పద్ధతులు తెలియనట్టుంది, చీటీ గట్టిగా పట్టుకుని భయంభయంగా అడిగింది.

"అయిపోయిందాండీ మీది?"

"అయిందమ్మా," అని అక్క లేచి, ఆ అమ్మాయికి చోటిచ్చింది.